కంబైనుకు తగిన ట్రాక్టరు – ట్రాక్టరుకు తగిన కంబైను
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



కాడికి ఎద్దులను కుదుర్చునపుడు మన పెద్దలు ఎంతటి శ్రద్ధ వహించెడివారో మీకు తెలియనిది కాదు. వలపటి ఎద్దు బలమైనదియు, దాపటి ఎద్దు నీరసమైనదియు అయినచో దుక్కి సాగదు. కాడి ఒకవైపునకు ఒరగును. కొలది దినములలో రెండును చెడును. అందుచేత సంతలో ఒక్క ఎద్దు సోయగమును చూచి ఎవరును బేరము ముగించెడివారు కారు. ఇంట నున్న ఎద్దుకు ఈడు, ఎత్తు, నడక సరిపోవునా యని చూచెడివారు. యంత్రముల విషయమున మాత్రము ఈ వివేకమును మనము తరచుగా మరచుచున్నాము. ట్రాక్టరును ఒకనాడు, దాని వెనుక తగిలించు యంత్రమును మరియొకనాడు, ఒకదానితో నొకటి నిమిత్తము లేకుండ కొనుచున్నాము.

ఈ జత కుదుర్చు పనిని గూర్చి మీతో ముచ్చటింప దలచి, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చిన్న రైతుల అనుభవమును ఉదాహరణముగా తీసికొనుచున్నాము. ట్రాక్టరు వెనుక లాగబడుచు పైరును కోసి, నూర్చి, గింజను వేరుచేయు చిన్న కంబైను యంత్రముల కథ యిది. ఆ యంత్రములను మన గ్రామములకు తెప్పింపుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. అవి పొడినేలలో గోధుమ, ఓట్సు, సోయాచిక్కుడు కోయుటకు నిర్మింపబడినవి; తడి ఆరని మన వరిమళ్ళకు పనికివచ్చునవి కావు. కాని యంత్రమునకును యంత్రమునకును పొత్తు కుదుర్చుట యెట్లో ఆ పాత కంబైనులు నేర్పినంత స్పష్టముగా మరేదియు నేర్పజాలదు.

నూర్పిడి సంఘముల కాలము

కోతను, నూర్పిడిని ఒకే యంత్రముచేత చేయించవలెనను ఊహ చాల పాతది. మిచిగన్ రాష్ట్రమున హైరం మూర్ అనునతడు 1836లోనే అట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. దానిని లాగుటకు పెద్ద గుర్రముల మంద కావలసి వచ్చెను. తరువాత పడమటి మైదానములలోని విశాల క్షేత్రములకై వచ్చిన కంబైనులు సయితము భారీవే. వందల ఎకరముల గోధుమ ఉన్నవారికే అవి గిట్టుబాటు అయ్యెను.

ఇండియానా, ఇల్లినాయి, ఒహాయో, అయోవా వంటి రాష్ట్రములలోని సామాన్య రైతునకు అట్టి వసతి లేకుండెను. అతనికి కొంత మొక్కజొన్న, కొంత గోధుమ, కొంత పశుగ్రాసము ఉండెడివి. అతడు పైరును పనలు కట్టు యంత్రముతో కోసి, పనలను పొలములో నిలబెట్టి ఆరనిచ్చి, నూర్పిడి యంత్రము వచ్చు దినమునకై వేచియుండెడివాడు. ఆ నూర్పిడి యంత్రము ఒక్క యింటిది కాదు. ఇరుగుపొరుగు రైతులు కలసి సంఘముగా ఏర్పడి, ఒక యంత్రమును ఉమ్మడిగా కొనియో, అద్దెకు పిలిచియో, ఒకరి కళ్ళము ముగిసిన పిదప మరియొకరి కళ్ళమునకు తరలుచు బదులు పనులు చేసికొనెడివారు. స్త్రీలు అంతమందికిని వంట చేసి పెట్టెడివారు. మన పల్లెలలో కుప్ప నూర్పిళ్ళనాడు జరిగిన బదులు పనులను ఎరిగినవారికి ఈ చిత్రము క్రొత్తగా తోచదు.

ఈ పద్ధతిలో మేలు ఉన్నట్లే కీడును ఉండెను. తన వంతు వచ్చువరకు వేచియున్న రైతు పనలు వానకు తడిసి మొలకెత్తిన సంవత్సరములు ఉండెను. సోయాచిక్కుడు, క్లోవరు విత్తనము వంటి క్రొత్త పంటలకు ఆ పెద్ద నూర్పిడి యంత్రము అంతగా అనుకూలింపలేదు. తన పొలమునకు, తన ట్రాక్టరుకు తగిన యంత్రమొకటి ఉన్న బాగుండునని రైతు కోరుకొనుట సహజమే కదా.

చిన్న యంత్రము పుట్టుక

ఆ కోరికకు సమాధానముగా అలిస్-చామర్స్ కంపెనీవారు 1935లో ఆల్-క్రాప్ 60 అను చిన్న కంబైనును విపణిలోనికి తెచ్చిరి. ఇండియానా రాష్ట్రమున లా పోర్ట్ అను పట్టణమునందలి కర్మాగారములో అది తయారయ్యెను. ఆ కర్మాగారము పూర్వము పెద్ద నూర్పిడి యంత్రములకు పేరొందిన అడ్వాన్స్-రూమ్లీ కంపెనీది. 1931లో అలిస్-చామర్స్ వారి చేతికి వచ్చెను. భారీ యంత్రములు పుట్టిన చోటనే చిన్న రైతు యంత్రము పుట్టినది.

దాని కోత వెడల్పు 60 అంగుళములు, అనగా 5 అడుగులు మాత్రమే. పేరులోని అంకె దీనిని తెలుపుచున్నది. అయినను నిర్మాణములో ఒక గొప్ప యుక్తి కలదు. కోత కత్తి ఎంత వెడల్పో లోపల గింజను రాల్చు డ్రమ్ము కూడ అంత వెడల్పే. పైరు ఇరుకు మార్గమున కుప్పగా చేరక, పలుచని పరుపువలె కాన్వాసు పట్టాపై ప్రయాణించి డ్రమ్మును చేరును. డ్రమ్ము కమ్ములకు రబ్బరు తొడుగు ఉండుటచేత గింజ నలుగదు. డ్రమ్ము వేగమును పంటకు తగినట్లు మార్చుకొనవచ్చును. అందువలననే దానికి ‘అన్ని పంటల యంత్రము’ అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. పిట్ట కొంచెము కూత ఘనము అను సామెత దీనియెడల నిజమైనది.

గాలి నింపిన రబ్బరు చక్రములు ఆ కాలముననే ట్రాక్టరులకు వచ్చుట దీనికి మిక్కిలి తోడ్పడినది. అదే కంపెనీ 1932లో తన ‘యు’ నమూనా ట్రాక్టరుకు అట్టి చక్రముల నమర్చి విక్రయింప నారంభించెను. ఇనుప చక్రముల ట్రాక్టరు తన శక్తిలో చాల భాగమును తాను నడుచుటకే వెచ్చించును. రబ్బరు చక్రములు ఆ దుబారాను తగ్గించి, మిగిలిన శక్తిని వెనుకనున్న యంత్రమునకు అందించెను.

పిమ్మట ఇతర కంపెనీలును ఈ బాట పట్టినవి. మాసీ-హారిస్ వారి క్లిప్పర్, జాన్ డీర్ వారి 12-ఎ 6 అడుగుల కోత గలవి. ఇంకను చిన్న ట్రాక్టరులకై అలిస్-చామర్స్ వారు 40 అంగుళముల ఆల్-క్రాప్‌ను కూడ చేసిరి. ఆ తరువాత తన ఇంజనుతో తానే నడచు కంబైను కాలము వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1944లో, మాసీ-హారిస్ కంపెనీ అట్టి యంత్రములను 500 నిర్మించి, ఒక్కొక్కటి కనీసము 2,000 ఎకరములు కోయవలెనను నిబంధనపై అద్దె కోతదారులకు అమ్మెను. క్రమముగా లాగుడు కంబైనులు వెనుకబడి, షెడ్లలోను, చెట్ల క్రిందను నిలిచిపోయినవి.

నేడు వాటిని వాడువారెవరు?

అమెరికాలో నేటి కంబైనులు 30, 40 అడుగుల వెడల్పున ఒక్కసారిగా కోయునవి. రెండు మూడు ఎకరములలో పాత రకపు గోధుమ పండించి పిండి అమ్ముకొనువారికి, విత్తనపు మడులు వేయువారికి, తమ కోళ్ళకు తామే దాణా పండించువారికి అట్టి యంత్రము నిష్ప్రయోజనము. వారి పొలములో అది తిరుగుటకే చోటు చాలదు. ఇట్టివారిలో కొందరు ఆ పాత లాగుడు కంబైనులను వెదకి తెచ్చి, బాగు చేసికొని, పాత చిన్న ట్రాక్టరుల వెనుక కట్టి వాడుకొనుచున్నారు. వినోదముగా భద్రపరచువారును కలరు.

ఇక్కడనే మన విషయము మొదలగుచున్నది. ట్రాక్టరు ఒక యింటి నుండి, కంబైను మరియొక ఊరి వేలము నుండి వచ్చును. ఒకటి ఒక కంపెనీది, రెండవది మరియొక కంపెనీది. రెంటిని కలిపి పొలములోనికి దింపుటకు పూర్వము వారు నాలుగు విషయములను చూడవలసియున్నది. వాటిని వరుసగా మనవి చేయుచున్నాము.

మొదటిది – శక్తి

లాగుడు కంబైను ట్రాక్టరునుండి రెండు విధముల శక్తిని కోరును. ఒకటి తనను లాగుటకు, రెండవది తన లోపలి డ్రమ్మును, జల్లెడలను, గాలిపంకాను త్రిప్పుటకు. నేల మెత్తబడినను, పైరు పచ్చిగా నున్నను, కలుపు ఎక్కువగా నున్నను ఈ రెండును ఒక్కసారిగా పెరుగును. కనుక ఎండు పైరులో నడచినదని సంతోషించుట చాలదు. కష్టమైన మూలలో కూడ నడచునంత మిగులు ఉండవలెను.

5, 6 అడుగుల కంబైనుకు ఆ దేశస్థులు రెండు నాగళ్ళను లాగు ట్రాక్టరును తగినదిగా నెంచిరి. 1939లో వచ్చిన ఫార్మాల్ హెచ్ అట్టిది. బెల్టుపై దాని శక్తి సుమారు 25 అశ్వశక్తి. ఒక్క నాగలి లాగు ట్రాక్టరుకు 40 అంగుళముల చిన్న కంబైను తగును. ఒక్క నాగలి ట్రాక్టరుకు 6 అడుగుల యంత్రమును తగిలించుట ఉట్టికెగురలేనమ్మ స్వర్గమున కెగురబూనుట వంటిది.

శక్తి యెంతయో నిజముగా తెలియుట యెట్లు? అమ్మువాని మాట చాలునా? నెబ్రాస్కా రాష్ట్రమున పోల్క్ కౌంటీకి చెందిన విల్మట్ క్రోజియర్ అను రైతు, కొన్న ట్రాక్టరు చెప్పినంత పని చేయక మోసపోయి, తరువాత శాసనసభ్యుడయ్యెను. ఆయన పూనికవలన 1919లో ఒక చట్టము వచ్చెను. ఆ రాష్ట్రమున అమ్మదలచిన ప్రతి ట్రాక్టరు నమూనాను లింకన్ నగరములోని విశ్వవిద్యాలయమువారు పరీక్షింపవలెనని దాని సారాంశము. పరీక్షలు 1920లో మొదలైనవి. అప్పటి ఫలితములు నేటికిని లభ్యములు. ఎనుబదేండ్ల నాటి ట్రాక్టరు కొన్నవాడు కూడ అది క్రొత్తగా నున్నపుడు బెల్టుపై ఎంత, లాగుటలో ఎంత శక్తి చూపెనో తెలిసికొనగలడు. ఒక ప్రజాప్రతినిధి తన కష్టమును పదిమంది మేలుగా మార్చిన తీరు మన మందరము గుర్తింపదగినది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అరిగిన ఇంజనుకు పూర్వపు అంకె వర్తింపదు. కనుక పాత ట్రాక్టరు విషయమున పరీక్షా ఫలితమును పై హద్దుగా మాత్రమే భావింపవలెను.

రెండవది – వేగము

చాలమంది తడబడునది యిచ్చటనే. కంబైను లోపలి భాగములన్నియు ఒక నియత వేగముతో తిరుగవలెను. ఆ వేగము ట్రాక్టరు వెనుకనుండు పి.టి.ఓ. ఇరుసునుండి వచ్చును. మన పల్లెలలో రోటవేటరును త్రిప్పునదియు ఈ ఇరుసే. దాని వేగము నిమిషమునకు 540 చుట్లు. పూర్వపు ప్రమాణము 536. ఇంజను తన పూర్తి వేగముతో నడచినపుడే ఇరుసుకు ఈ వేగము వచ్చును. పైరు దట్టముగా నున్నదని డ్రైవరు ఇంజను వేగమును తగ్గించినచో, ట్రాక్టరు నడకతో పాటు డ్రమ్మును, జల్లెడలును, గాలియు మందగించును. అప్పుడు గింజ కంకిలోనే మిగులును; తాలు గింజతో కలసి సంచిలోనికి వచ్చును; లేదా గడ్డి లోపల అడ్డుపడి యంత్రము గొంతు పట్టుకొనును.

కాబట్టి నడకను తగ్గింపవలెనన్న గేరు మార్చవలెను గాని ఇంజను వేగమును ముట్టరాదు. పాత ట్రాక్టరులకు గేర్లు తక్కువ. అలిస్-చామర్స్ వారి డబ్ల్యు.సి. ట్రాక్టరుకు మొదటి గేరులో నడక గంటకు రెండున్నర మైళ్ళు, అనగా 4 కిలోమీటర్లు. అంతకంటె నెమ్మది గేరు లేదు. పైరు ఆ నడకకు కూడ మించి దట్టముగా నున్నచో ఉపాయమేమి? కోత వెడల్పును తగ్గించుటయే. 5 అడుగుల కత్తికి మూడు, మూడున్నర అడుగుల పైరునే అందించి నడుపవలెను. సమయము ఎక్కువ పట్టును గాని గింజ దక్కును.

ఈ వేగమునుబట్టి పని యెంత సాగునో లెక్క వేయుట సులభము. 5 అడుగుల వెడల్పున గంటకు రెండున్నర మైళ్ళు నడచిన యంత్రము ఆ గంటలో 66,000 చదరపు అడుగులు కోయును. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు గనుక అది ఒకటిన్నర ఎకరమగును. మూలలు తిరుగుట, గింజ దించుట, చిన్న మరమ్మతులు మొదలగు వానికి మూడవవంతు కాలము పోయినచో గంటకు ఒక ఎకరము మిగులును. దినమునకు 8 గంటలు పని చేసిన 40 ఎకరములు 5 దినములలో ముగియును. చిన్న యంత్రమని చులకన చేయువారు ఈ లెక్కను చూడవలెను. అట్లే 200 ఎకరములకు దీనిని నమ్మిన వానకు దొరకిపోవుట ఖాయమనియు ఈ లెక్కయే చెప్పుచున్నది.

మూడవది – క్లచ్చి

పాత చిన్న ట్రాక్టరులలో అనేకమునకు పి.టి.ఓ. ఇరుసు ప్రధాన క్లచ్చికి లోబడి యుండును. క్లచ్చి త్రొక్కిన ట్రాక్టరుతో పాటు ఇరుసును ఆగును. ముందు పైరు దట్టముగా వచ్చినది. డ్రైవరు ఆగదలచి క్లచ్చి త్రొక్కినాడు. లోపలకు చేరిన గడ్డి ఉన్నదున్నట్లే నిలిచిపోయినది. దానిని చేతులతో లాగి తీయుటకు అరపూట చాలదు.

దీనికి మూడు పరిష్కారములు ఏర్పడినవి. మొదటిది డ్రైవరు నేర్పు. క్లచ్చి త్రొక్కి, వెంటనే గేరును తటస్థమునకు తెచ్చి, క్లచ్చిని వదలవలెను. ట్రాక్టరు నిలిచియుండును, ఇరుసు మరల తిరుగును, లోపలి పైరు నూర్చబడి వెలికి పోవును. రెండవది ట్రాక్టరు నిర్మాణములో మార్పు. కెనడాలో ఒంటారియో రాష్ట్రమునందలి కాక్‌షట్ కంపెనీవారు 1946లో తమ 30 నమూనాకు, నడక క్లచ్చితో నిమిత్తము లేకుండ తిరుగు ఇరుసును అమర్చిరి. 1948లో వచ్చిన అలిస్-చామర్స్ డబ్ల్యు.డి. ట్రాక్టరుకు కాలి క్లచ్చి గాక చేతి క్లచ్చియు ఉండెను; చేతి క్లచ్చి లాగిన నడక ఆగును గాని ఇరుసు ఆగదు. మూడవది కంబైనుకే వేరొక ఇంజను నమర్చుట. అప్పుడు ట్రాక్టరు లాగుడు పని మాత్రమే చేయును. నూర్పిడి వేగము ట్రాక్టరు గేరుపై గాని, క్లచ్చిపై గాని ఆధారపడదు. బలము తక్కువైన ట్రాక్టరు గలవారికి ఇది ఉత్తమమైన మార్గము. కాని రెండు ఇంజనులకు ఇంధనమును, రెండు ఇంజనుల మరమ్మతును భరింపవలసియుండును. సౌకర్యము దేనికైనను దాని వెల ఉండును గదా.

నాలుగవది – కూడలి, బరువు, రక్షణ

ట్రాక్టరును, కంబైనును కలుపు చోటు చూచుటకు చిన్నదే గాని ప్రమాదమంతయు అచ్చటనే పొంచియుండును. 540 చుట్ల ఇరుసు కొననుండి యంత్రమును తగిలించు కొక్కెపు రంధ్రము వరకు 14 అంగుళముల దూరముండవలెనని ప్రమాణము. ఈ దూరము తప్పినచో మలుపులో నడిమి షాఫ్టు చాలక ఊడిపోవును, లేదా పొడవు ఎక్కువై వంగి విరుగును. పాత ట్రాక్టరులలో కొన్నిటి ఇరుసు లావు తరువాతి ప్రమాణమునకు భిన్నము. కనుక కొనుటకు ముందే కొలబద్దతో కొలుచుట మంచిది.

బరువును మరువరాదు. గింజ నిండిన కంబైను వాలులో దిగునపుడు ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. లాగగల ట్రాక్టరు ఆపగలదని చెప్పలేము. బ్రేకులు చాలని పక్షమున గింజను దించి తేలిక చేసికొని దిగవలెను.

తిరుగు షాఫ్టు నిమిషమునకు 540 చుట్లన్న సెకనుకు 9 చుట్లు. కండువా కొన, పంచె అంచు, చీర చెంగు తగిలినచో మనిషి చేయి తీసికొనులోపుననే పదిచుట్లు చుట్టుకొనును. కేక వేసి ఆపించుటకు వ్యవధి ఉండదు. పాత యంత్రములపై రేకు కవచములు ఊడిపోయి యుండుట సామాన్యము. కవచము లేని షాఫ్టును నడుపరాదు. అడ్డుపడిన గడ్డిని ఇంజను ఆపకుండ తీయరాదు. ఈ రెండు నియమములు అమెరికాకు ఎంతయో, మన ఊరి రోటవేటరుకు, నూర్పిడి యంత్రమునకు అంతయే.

జత కుదిరినదో లేదో తెలిసికొనుట

నాలుగును చూచి జతపరచిన పిదప, అది నిజముగా కుదిరినదో లేదో పొలమే చెప్పును. కంబైను నడచిన చోట నేలపై ఒక చదరపు అడుగు చతురస్రము నుంచి, అందు రాలిన గింజలను లెక్కింపవలెను. కోయని చోట ముందే రాలియున్న గింజలను అందులోనుండి తీసివేయవలెను. ఇట్లు నాలుగైదు చోట్ల చూచి సగటు కట్టవలెను. గోధుమలో చదరపు అడుగుకు సుమారు 20 గింజలు పోయిన ఎకరమునకు ఒక బుషెలు, అనగా సుమారు 27 కిలోలు నష్టమని అచటి రైతులు లెక్క కట్టుదురు.

ఈ లెక్క మన వరికిని వర్తించును. వేయి గింజలు 22 గ్రాములు తూగు మధ్యరకపు ధాన్యములో, చదరపు అడుగుకు 20 గింజలు రాలినచో ఎకరమునకు సుమారు 19 కిలోలు నేలపాలైనట్లు. ఇందుకు యంత్రమక్కరలేదు, నిపుణుడక్కరలేదు. నాలుగు పుల్లలును, ఓపికయు చాలును. రాలిన గింజలు ఎక్కువైనచో నడక ఎక్కువైనదో, డ్రమ్ము వేగము తక్కువైనదో, గాలి మితిమీరినదో వరుసగా ఒక్కొక్కటే మార్చి చూడవలెను. రెండింటిని ఒక్కసారి మార్చినచో దేనివలన మేలైనదో తెలియదు.

పాత కంబైనులకు మరికొన్ని ప్రత్యేక జాగ్రత్తలు కలవు. కాన్వాసు పట్టా రాత్రి మంచుకు బిగిసి చిరుగును. అందుచేత సాయంకాలము దానిని వదులు చేసి ఉంచుదురు. డ్రమ్ము కమ్ముల రబ్బరు కాలక్రమమున గట్టిపడి పగులును. గింజ బాగుగా ఆరనిదే కోతకు దిగరు.

లాభమేమి, నష్టమేమి?

చిన్న కంబైను వచ్చుటచేత రైతు తన కోతకు తానే యజమాని అయ్యెను. వాన మబ్బు కనబడినపుడు ఇతరుల వంతుకై వేచియుండ నక్కరలేకపోయెను. ఇంటి ఇల్లాలికి పెద్ద మూకకు వండి పెట్టు భారము తప్పెను. క్రొత్త పంటలు వేయుటకు ధైర్యము వచ్చెను. ఇవి సామాన్యమైన లాభములు కావు.

కాని నూర్పిడి సంఘములు విచ్ఛిన్నమైనవి. ఏటేట కలసి పనిచేసి, లెక్కలు చూచుకొని, తగవులు తీర్చుకొనిన వేదిక పోయెను. కళ్ళమువద్ద గడ్డివామిగా పేర్చబడిన గడ్డి పొలమునిండ చెదరిపడి, పశువులకు కావలసినచో వేరుగా ఏరుకొనవలసి వచ్చెను. ఒక యంత్రము ఒక పనిని తేలిక చేయునపుడు దానితో ముడిపడిన మరి రెండు పనులను కదలించును. ఆ రెంటిని గూర్చి ముందుగా ఆలోచించువారే గ్రామ పెద్దలు.

మన గ్రామములలో నేడు ఇదే జరుగుచున్నది. వరికోత యంత్రములు వచ్చినవి. తడిమళ్ళలో దిగబడకుండ గొలుసు పట్టాల యంత్రములు తిరుగుచున్నవి. కూలీల కొరత వేళ అవి రైతును ఆదుకొనుచున్నవి. గడ్డి మాత్రము నలిగి చెదరుటచే, కట్టలు కట్టు యంత్రమునకు మరల వ్యయము చేయవలసివచ్చుచున్నది. 2014–15లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన వ్యవసాయ యాంత్రీకరణ పథకము క్రింద అద్దె యంత్రముల కేంద్రములు అనేక చోట్ల ఏర్పడినవి. పదిమంది రైతులు కలసి ఒక యంత్రమును ఉంచుకొను ఆ ఏర్పాటు, విడిపోయిన నూర్పిడి సంఘమునకు మరియొక రూపమే. అది నిలుచుటయు, చెడుటయు యంత్రముల ఎంపికపై చాలవరకు ఆధారపడును.

పంచాయతీ సభ్యులకు మనవి

మీ గ్రామమున రైతు సంఘముగాని, మహిళా సంఘముగాని యంత్రము కొన దలచి మీ సలహా కోరినపుడు, ఈ ప్రశ్నలను అడుగుడు. ఈ యంత్రమును లాగి త్రిప్పుటకు కావలసిన శక్తి ఎంత? మన ఊరిలో ఇప్పుడున్న ట్రాక్టరులలో అంత శక్తి గలవి ఎన్ని? పి.టి.ఓ. వేగము, ఇరుసు లావు, కూడలి దూరము సరిపోవునా? మన నేల తడికి, మన గట్ల ఎత్తుకు, మన దారుల వెడల్పుకు ఇది తగునా? కోత గడువు ఎన్ని దినములు, ఆ దినములలో ఇది కోయగల ఎకరములు ఎన్ని? గడ్డి సంగతి యేమి? పాడైన భాగము ఎంత దూరమున దొరకును? సమాధానములను కాగితముపై వ్రాయించుడు. అమ్మువాడు చెప్పిన అంకె వేరు, పరీక్షించిన అంకె వేరు.

పరీక్షించినవారి మాటకై మనము నెబ్రాస్కా పోనక్కరలేదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. మధ్యప్రదేశమున బుద్నీలోను ఇట్టి కేంద్ర సంస్థ కలదు. యంత్రములను పరీక్షించుటయే గాక యంత్రములు నడుపువారికి శిక్షణ నిచ్చుటయు అచ్చట జరుగుచున్నది. కొనదలచిన యంత్రమునకు పరీక్షా నివేదిక కలదా యని అడుగుట ప్రతి సభ్యుని హక్కు. నివేదిక చూపనివాని యంత్రమును గూర్చి తొందరపడ నక్కరలేదు. గ్రామములోని యువకులు ఒకరిద్దరిని శిక్షణకు పంపుట, మరియొక యంత్రము కొనుటకంటె చౌక.

కోతనాడు యంత్రము అద్దెకు వచ్చినపుడు, దాని వెనుక నడచి చదరపు అడుగులో గింజలు లెక్కించు అలవాటు మన రైతులకు నేర్పుడు. లెక్క ఎక్కువ వచ్చినచో డ్రైవరును నడక తగ్గింపుమని అడుగుటకు వెనుదీయరాదు. గంటకు ఇంత యని అద్దె కుదుర్చుకొన్న చోట నడక తగ్గిన కొంత వ్యయము పెరుగును, నిజమే. కాని ఆ వ్యయమునకును, నేలపాలగు గింజకును తూకము వేసి చూచినవాడే ఏది లాభమో చెప్పగలడు. తూకము వేయనివానికి రెండును నష్టమే.

యంత్రము గొప్పదో కొంచెమో అను విచారము మనకు వలదు. మన పొలమునకు, మన ట్రాక్టరుకు, మన చేతికి తగినదా యను విచారము వలయును. ఈ విచారమును గ్రామసభలలో చర్చకు తెచ్చి, రైతుల సొమ్మును, గింజను, ప్రాణమును కాపాడవలసినదిగా మిమ్ములను ప్రార్థించుచున్నాము.